జింక కుంటుతుంటే ముల్లే అనుకోకండి

సంపాదకులకు,

కంబాలకొండ అభయారణ్యం అంచున ఊరి పశువులూ, చుక్కల జింకలూ ఒకే గుంటలో నీళ్లు తాగితే నోట్లో, గిట్టల మధ్య పొక్కులు తెచ్చే గాలికుంటు జబ్బు అంటుకోవడం ఎంతసేపు చెప్పండి. జింక కుంటుతుంటే ముల్లు గుచ్చుకుందనో, కుక్క తరిమిందనో వదిలేస్తాం, గిట్టల మధ్య పొక్కులున్నాయా, నోట్లోంచి చొంగ తీగలా సాగుతోందా అని చూసేదెవరు? అలాగని పొక్కులు కనపడగానే గాలికుంటని తేల్చేయలేం, చిన్న చిన్న కాటు ఈగలు మోసుకొచ్చే నీలినాలుక వ్యాధిలోనూ నోరు పుండ్లు పడుతుంది. ఆర్టీపీసీఆర్ చేయాల్సిందే (కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు అందరికీ వచ్చు). పొక్కు పైపొర, రక్తం చెడిపోకుండా చల్లగా పంపాలి, గాలికుంటుపై జాతీయ సంస్థ భువనేశ్వర్‌లోనే ఉంది, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరొచ్చు. కళేబరం కుళ్లాక పోస్ట్‌మార్టం చేసి ఏం లాభం? అటవీ, పశుసంవర్ధక శాఖలు ముందు ఆ అంచు ఊళ్లలో పశువులకు టీకాలు వేయించాలి.

— ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం