యారో నది ఒడ్డు నుంచి తాతగారికి

క్రైస్ట్‌చర్చ్,
న్యూజిలాండ్, 27-4-2025

పూజ్యులైన తాతగారికి నమస్కరించి మీ మనవడు వ్రాయునది. మేమందరం క్షేమం. మీరు, అవ్వ క్షేమమని తలుస్తాను. ఒకప్పుడు బంగారం దొరికిన యారోటౌన్ అనే ఊరు చూసి వచ్చామని మొన్న ఫోనులో చెప్పగానే మీరు అడిగిన మొదటి మాట "ఎంత లోతు?" అని. నేను చెప్పింది మీకు వినబడలేదు, మీరు మళ్ళీ అడిగింది నాకు వినబడలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మోకాలి లోతు, తాతగారూ. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్‌లో కేజ్ (గనిలోకి దించే లిఫ్టు) ఎక్కి కిలోమీటర్ల లోతుకు దిగి పనిచేసిన మీకు ఇది వేళాకోళంగా తోచవచ్చును గానీ, ఇక్కడివారు మొదట బంగారం ఏరుకున్నది నది నీళ్ళలోనే.

బడి సెలవులకు ఒక మోటర్‌హోమ్ అద్దెకు తీసుకున్నాము. లోపలే పొయ్యి, పడక, నిలబడి మాత్రమే స్నానం చేయగల ఒక గది ఉంటాయి. లిండిస్ కనుమ మలుపుల్లో సొరుగు గడియ వేయడం మరచినందువల్ల కిలో కందిపప్పు బండి అంతా చిందింది. ఆ తప్పు నాదే అయినా మీ మనవరాలు ఇంకా డ్రైవింగునే తప్పుపడుతోంది. క్రౌన్ రేంజ్ ఘాట్ దారి ఇంత పొడుగు బండికి వద్దనుకొని, క్రామ్‌వెల్ మీదుగా కవరౌ లోయ గుండా యారోటౌన్ చేరాము. బళ్ళు నిలిపే తోటలో కరెంటు తీగ తగిలించుకొని, మిగిలిన పప్పుతో చారు కాచుకొని తిన్నాము.

ఒటాగో ప్రాంతంలో గేబ్రియల్ రీడ్ అనే అతనికి 1861లో బంగారం దొరికి జనం పరుగులు మొదలుపెట్టగా, మరుసటి ఏడు ఈ యారో నదిలో జాక్ టేవా అనే మావోరీ గొర్రెల ఉన్ని కత్తిరించే పనివాడికి బంగారం కనిపించిందట. అయితే ఊరికి మొదట పడిన పేరు మాత్రం తరువాత వచ్చిన విలియం ఫాక్స్ అనేవాడిది. కనుగొన్నవాడొకడు, పేరు పొందినవాడొకడు కావడం కొత్త సంగతి కాదు. వీధులు అందంగా ఉన్నాయి. 1867లో నాటిన చెట్లు ఈ నెలలో ఆకులన్నీ పసుపెక్కి నిలుచున్నాయి, వాటి కింద చిన్న చిన్న చెక్క ఇళ్ళు. ఫోటోలు తీసుకునేవారి రద్దీ ఎక్కువ. ఆ వీధి గురించి అంతకంటే వ్రాయవలసింది లేదు.

మీ ప్రశ్నకు సరైన జవాబు రాళ్ళలో ఉంది. కోలారులో లాగే ఇక్కడ కూడా బంగారం పుట్టింది తెల్లరాతి చారల్లోనే. కానీ లక్షల సంవత్సరాలుగా మంచునదులు, వాననీళ్ళు ఆ కొండలను అరగదీసి, బరువైన బంగారాన్ని నదుల వంపుల్లో, బండల సందుల్లో దాచిపెట్టాయి. అంటే మీరు డ్రిల్లు పట్టి, మందు పేల్చి చేసిన పని ఇక్కడ నది ముందే చేసి పెట్టిందన్నమాట. పైపైన ఉన్నది అయిపోయాక, ఎగువన ఉన్న మేస్‌టౌన్ కొండల్లో రాతిని తవ్వి, స్టాంప్ మిల్లుల్లో దంచి తీశారు. ఆ పాడుబడిన ఊరికి వెళ్ళాలంటే నదిని ఇరవైకి పైగా చోట్ల దాటాలట. మా బండితో అది కుదిరే పని కాదు గనుక మిల్లు చూడలేకపోయాను.

ఒక దుకాణంలో పళ్ళెం అద్దెకు తీసుకొని మేము కూడా నదిలో దిగాము. నీళ్ళు ఎముకలు కొరికాయి. అరగంట సేపు నేను ఇసుకనంతా బయటికి విసురుతూనే ఉన్నాను, ఏమీ మిగలలేదు. మీ మనవరాలు పళ్ళెం లాక్కొని "బియ్యం గాలించినట్టు గాలించాలి" అన్నది. అవ్వ చిప్పలో బియ్యం పోసి నీళ్ళతో వలయంగా తిప్పుతూ, తేలిన గింజలను అంచు మీదుగా రెండో చిప్పలోకి జారవిడిచి, రాళ్ళను అడుగున నిలిపేది కదా, పని అచ్చంగా అదే. అక్కడ అడుగున మిగిలినది పారవేస్తాము, ఇక్కడ అదే కావలసినది. పది నిమిషాల్లో నల్ల ఇసుక మధ్య మూడు రేణువులు కనిపించాయి. బయటికి వచ్చేటప్పుడు ఎవరూ మా ఒళ్ళు తడిమి చూడలేదు. షిఫ్టు ముగిసి పైకి వచ్చినప్పుడల్లా కాపలావాళ్ళు మిమ్మల్ని తనిఖీ చేసేవారని మీరు చెప్పినది అప్పుడు గుర్తుకొచ్చింది.

నేను ఈ ఉత్తరం వ్రాయడానికి అసలు కారణం ఊరి చివర, బుష్ క్రీక్ అనే వాగు పక్కన ఉన్న చీనావారి గుడిసెలు. కొత్త బంగారం వేరేచోట దొరికిందని తెల్లవారు తరలిపోతుంటే, వదిలిపోయిన నేలను తవ్వడానికి ఈ ప్రాంతపు పెద్ద పట్టణమైన డునెడిన్ వర్తకులే 1865లో చీనావారిని రమ్మని పిలిచారు. వచ్చినవారిలో అధికులు క్వాంగ్‌టుంగ్ ప్రాంతపు పల్లెలవారు, దాదాపు అందరూ ఒంటరి మగవారు. రాయి, మట్టి, రేకు ఏది దొరికితే దానితో కట్టుకున్నారు. ఒక గుడిసెకు వెనుక గోడ లేదు, కొండరాయే గోడ. 1980లలో తవ్వకాలు జరిపి వీటిలో కొన్నింటిని తిరిగి నిలబెట్టారు. లోపలికి వంగి వెళ్ళి నిలబడితే, మీరు పెళ్ళికి ముందు నలుగురితో కలిసి ఉన్నానని చెప్పే కూలీ లైన్ల గది ఇంతే ఉండేదా అనిపించింది. ఎంత వెడల్పో, పొయ్యి ఎక్కడ ఉండేదో దయచేసి వ్రాయించి పంపండి.

అక్కడే 'ఆహ్ లమ్' అనే చీనా వర్తకుడు నడిపిన రాతి దుకాణం నిలిచి ఉంది. సరుకులు అమ్మడమే గాక, పనివారి డబ్బు దాచిపెట్టడం, ఇంగ్లీషు రానివారికి దుబాసీగా ఉండడం కూడా ఆయన పనే. ఆయన 1925లో కాలం చేశారు. పిలిచి తెచ్చిన మనుషుల మీదనే ఈ దేశం 1881లో తలకు 10 పౌన్ల పన్ను వేసి, 1896లో దాన్ని 100 పౌన్లు చేసింది. 1944 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. 2002లో ప్రధానమంత్రి హెలెన్ క్లార్క్ క్షమాపణ చెప్పారు. ఇక్కడ పన్ను కట్టి బ్రతుకుతున్న నాకు ఆ లెక్కలు చదువుతుంటే ఇబ్బందిగానే ఉండింది.

మరొక విషయం అవ్వకు చదివి వినిపించవద్దు. చనిపోయినవారి ఎముకలు సొంత ఊరి మట్టిలో కలవాలని తోటివారు చందాలు పోగుచేసి, ఈ దేశపు శ్మశానాల నుంచి 499 మంది అవశేషాలను తవ్వి తీసి, 1902లో వెంట్నర్ అనే ఓడకు ఎక్కించారు. ఆ ఓడ హోకియాంగా అనే తీరం దగ్గర సముద్రంలో మునిగిపోయింది. పడవల మీద బంగారం తవ్వే యంత్రాలను ఈ నదుల్లో నడిపి పేరు పొందిన చోయీ స్యూ హోయ్ అనే వర్తకుడి దేహం కూడా అందులోనే ఉన్నది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎముకలను అక్కడి మావోరీలు తమ నేలలో పాతిపెట్టారు. ఆ రాత్రి బండిలో పడుకున్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అన్నట్టు, ఇక్కడి కొండరాళ్ళలో అభ్రకం కూడా విస్తారంగా ఉండి నది ఇసుక అంతా మెరుస్తుంది. మాకు దొరికిన మూడు రేణువులను ఈ కాగితం అడుగున టేపు కింద అంటించాను. కళ్ళజోడు పెట్టుకొని వెలుతురులోనూ, నీడలోనూ చూసి, అది బంగారమో కాదో మీరే తేల్చి చెప్పాలి.

మీ మనవడు