రక్తం నిలవకూడని దారి

ప్రియమిత్రుడు రమణకు,

మేమంతా క్షేమం. మీ అన్నయ్య సోంపేట దగ్గరి ఊరి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుని వస్తున్నారని నువ్వు రాసినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. కంప్యూటర్లో లెక్కలు కట్టి కిడ్నీని ఎలా తయారుచేస్తారని అడిగావు కదా, నాకు తెలిసినంత చెబుతాను.

1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ సాసేజ్‌లకు వాడే సెలోఫేన్ గొట్టాన్ని తిరిగే డ్రమ్ముకు చుట్టి రక్తాన్ని శుద్ధి చేశాడు. ఆయనకు చేతి పనే ప్రయోగశాల. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో శువో రాయ్, అమెరికాలోనే వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో విలియం ఫిసెల్ ఒంట్లోనే అమర్చగల కిడ్నీ కోసం శ్రమిస్తున్నారు. అందులో కొద్ది నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) వెడల్పుండే చీలికలతో చేసిన సిలికాన్ పొర రక్తాన్ని వడకడుతుంది. దాని పక్కనున్న అరలో సజీవ కిడ్నీ కణాలు వడకట్టిన నీటిలో, లవణాలలో ఒంటికి కావలసినంత తిరిగి రక్తంలోకి పంపాలి. పంపు ఉండదు, గుండె కొట్టే ఒత్తిడే ఆధారం.

ఇక్కడే లెక్కల అవసరం వస్తుంది. గుండ్రటి రంధ్రం కన్నా చీలిక మేలు, ఎందుకంటే అది రక్తంలో ఉండిపోవలసిన అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంతే గట్టిగా ఆపుతూ ఎక్కువ నీటిని వదులుతుంది. అయితే వెడల్పు ఐదో వంతు తగ్గితే చాలు, అదే ఒత్తిడికి వెళ్లే నీరు దాదాపు సగానికి పడిపోతుంది.

నా దృష్టిలో వడపోత కన్నా కష్టమైనది రక్తం నడిచే దారి. పంటకాలువ మలుపులో నీరు నిలిచినచోట నాచు పట్టినట్టే, పరికరంలో రక్తం మందగించిన మూలలో గడ్డ కడుతుంది. అలాగని దారిని మరీ ఇరుకు చేస్తే గోడల రాపిడికి ప్లేట్‌లెట్లు రేగి, అవే గడ్డకు కారణమవుతాయి. అందుకే ముందుగా కంప్యూటర్లో దారి గీసి, దాన్ని లక్షల చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ రక్తం వేగాన్ని, రాపిడిని గణిస్తారు. నేనూ నేర్చుకోవడానికి అలాంటి చిన్న నమూనా ఒకటి చేశాను. రక్తం లోపలికి వచ్చేచోట ఒక మూల పదునుగా ఉన్నందువల్ల దాని వెనుక ప్రవాహం సుడి తిరిగి నిలిచిపోయింది. మూలను నున్నగా వంచగానే సుడి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు రమణా, అదే లోపం మనిషి ఒంట్లో బయటపడితే ఏమయ్యేదో అని.

2023లో కణాల అరను పందులలో అమర్చితే 7 రోజులు కణాలు బతికాయి. త్వరలో వచ్చేస్తుందని మాత్రం అన్నయ్యకు ఆశ పెట్టకు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు; పొలానికి నీళ్లు కట్టిన మనిషి, కాలువ మలుపు సంగతి నాకన్నా బాగా చెబుతారు.

నీ
శ్రీధర్