కారు రంగును పాడుచేసేది పొడి గుడ్డే

సంపాదకులు గారికి,

నమస్కారములు.

వాహనాల శీర్షికల్లో ఇంజిను సామర్థ్యం, మైలేజీ, కొత్త మోడళ్ల హంగుల గురించి తరచుగా చదువుతుంటాం. కారు చూడగానే కంటపడే పైరంగు గురించి మాత్రం ప్రకటనల్లో తప్ప మరెక్కడా ప్రస్తావన కనిపించదు. ఆ ప్రకటనలు చెప్పేది కూడా ఏదో ఒక పూత వేయించుకోమనే. రంగుకు రోజూ జరిగే నష్టంలో పెద్ద భాగం మనం శుభ్రం చేస్తున్నామనుకుంటూ చేసే పనివల్లే జరుగుతోందని, దానిని ఆపడానికి కొనవలసిన సీసాలకన్నా మానవలసిన అలవాట్లే ఎక్కువని నా అభిప్రాయం. అందుకు కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

కారు రేకు మీద ఉండేది ఒక్క పూత కాదు. రేకును ఫాస్ఫేటుతో శుద్ధి చేసి, బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును అడ్డుకునే తొలి ప్రైమర్‌ను పట్టిస్తారు. దానిమీద సాధారణంగా ఉపరితలాన్ని నునుపు చేసే మరో ప్రైమర్, ఆపైన మన కంటికి కనిపించే అసలు రంగు, అన్నింటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఇవన్నీ కలిపినా చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల మందమే. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. కారుకు మెరుపునిచ్చేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని లోపలి రంగు వెలిసిపోకుండా కాపాడేదీ ఈ పొరే. ఇది చర్మంలా మళ్లీ పెరిగేది కాదు. కర్మాగారం నుంచి ఎంత వస్తే అంతే, అరిగినది అరిగినట్టే.

ఇంత పలుచని పొరమీద మనం రోజూ ఉదయాన్నే పొడి గుడ్డ తిప్పుతున్నాం. ధూళిలో మట్టి ఒక్కటే ఉండదు, క్వార్ట్జ్ రేణువులు కూడా ఉంటాయి. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానం మీద క్వార్ట్జ్ స్థానం 7. మామూలు చాకు ఉక్కుది అయిదున్నర దరిదాపుల్లో ఉంటుంది. ఉక్కునే గీయగల రేణువును గుడ్డ కింద పెట్టి అరచేత్తో అదిమి లాగుతుంటే క్లియర్ కోట్ తట్టుకోలేదు. మెత్తని గుడ్డ వాడుతున్నామన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే గీసేది గుడ్డ కాదు, దాని కింద చిక్కుకున్న రేణువు. ఈకల కుంచెతో దులపడం కూడా, ధూళి దట్టంగా ఉన్నప్పుడు, ఇదే కోవలోకి వస్తుంది. ధూళి పట్టిన బానెట్ మీద వేలితో పేర్లు రాసేవారు సరదాకే రాస్తారు గాని, కడిగాక కూడా ఆ పేరు రంగులో అస్పష్టంగా మిగిలిపోయిన కార్లు చాలానే తిరుగుతున్నాయి.

ఈ నష్టం ఒక్కరోజులో కనిపించదు. నల్లని లేదా ముదురు నీలం రంగు కారును నేరుగా ఎండ పడే చోట నిలిపి, సూర్యుని ప్రతిబింబం పడిన చోట పరీక్షగా చూస్తే, ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని వలయాలు కనిపిస్తాయి. గుండ్రంగా తుడవడం వల్లే అవి ఏర్పడ్డాయని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వాటిలో వెలుగును మన కంటివైపు తిప్పేవి మాత్రమే మెరవడంవల్ల అవి వలయాల్లా తోస్తాయి. తల కొంచెం పక్కకు జరిపితే వలయాలు కూడా జరుగుతాయి. తెల్లని, వెండి రంగు కార్లలోనూ ఈ గీతలు అంతే ఉంటాయి గాని కంటికి ఆనవు. డ్రైవరు తలుపు పిడి వెనుకనున్న గుంటలో చూడండి: అక్కడ గోళ్లు గీరిన గీతలు గుత్తిగా కనిపిస్తాయి.

మరి కారును తుడవకూడదా? తడపకుండా తుడవకూడదు. ముందు నీటిధారతో వదులుగా ఉన్న మట్టినంతా జారిపోనివ్వాలి. తరువాత కారు కోసమే తయారైన షాంపూను నీటిలో కలిపి, మైక్రోఫైబర్ తొడుగుతో పైకప్పు నుంచి కిందికి కడుగుతూ రావాలి. రెండు బకెట్లు పెట్టుకోవడం చాదస్తమేమీ కాదు. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు ఉంచి, ప్రతిసారీ తొడుగును మంచినీళ్లలో జాడించాకే షాంపూలో ముంచితే, విడిపోయిన మట్టి మళ్లీ రంగు మీదికి ఎక్కదు. తలుపుల కింది భాగాలూ, చక్రాల పక్కలూ అన్నింటికన్నా ఎక్కువ ఇసుక పట్టే చోట్లు కాబట్టి వాటిని చివర్లో, వేరే గుడ్డతో కడగాలి. కింద పడిన గుడ్డను దులిపి మళ్లీ వాడటం ఎంత అలవాటైన పనో అంత ప్రమాదకరం. గిన్నెలు తోమే సబ్బు జిడ్డును వదిలించడానికి చేసినది, కాబట్టి రంగుమీద రక్షణగా పూసే మైనపు పూత, వ్యాక్స్‌ను కూడా వదిలించేస్తుంది. బానెట్ వేడిగా ఉండగా, ఎండలో కడిగితే నీళ్లు మనకన్నా ముందే ఆరి మచ్చలు మిగులుతాయి. నీళ్లకు ఇబ్బందైతే వారానికొకసారి కడిగి, మిగిలిన రోజుల్లో అద్దాలు మాత్రం తడిగుడ్డతో తుడుచుకుని బాడీని అలాగే వదిలేయడం మేలు. ధూళి పట్టిన కారు చూడటానికి బాగుండకపోవచ్చు గాని, ఎవరూ కదపని పొడి ధూళి రంగును గీయదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది: ధూళి ఆగగలదు గాని పక్షి రెట్ట ఆగలేదు. అందులోని యూరిక్ ఆమ్లం ఒక కారణమైతే, ఎండ మరో కారణం. వేడికి క్లియర్ కోట్ కొంత మెత్తబడి వ్యాకోచిస్తుంది, అదే సమయంలో రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడి పొర సంకోచించేటప్పుడు ఆ గట్టి పెంకు ఆకారాన్నే తనలోకి తీసుకుంటుంది. అందుకే రెట్ట పోయినా దాని అచ్చు మిగులుతుంది. దీనిని గోటితోనో కాగితంతోనో గీకకూడదు. బాగా తడిపిన గుడ్డను దానిమీద పరచి, అయిదు పది నిమిషాలు నాననిచ్చి, మెత్తబడ్డాక రుద్దకుండా పైకెత్తి తీయాలి. రాత్రి ప్రయాణంలో ముందు బంపరుకు అతుక్కునే పురుగులకూ, చెట్ల బంకకూ ఇదే తొందర అవసరం. బోరు నీళ్ల మచ్చల్లో ఉండేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు; తాజావైతే పలుచని వెనిగర్‌తో వదులుతాయి, వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి. బ్రేక్ ఆయిల్ ఒలికితే, వెంటనే కడగకపోతే రంగు పాడవుతుందన్నది మెకానిక్కులకు తెలిసినంతగా యజమానులకు తెలియదు.

కవరు కప్పితే అన్నీ తీరిపోతాయనుకోవడం కూడా పొరపాటే. మట్టి పట్టిన కారు మీద కవరు వేస్తే, గాలికి అది కొట్టుకున్నప్పుడల్లా పొడి గుడ్డ చేసే పనినే రాత్రంతా చేస్తుంది. కడిగి ఆరబెట్టిన కారుకే, గాలి ఆడే రకం, బిగుతుగా కట్టగలిగిన కవరు వేయాలి.

గీతలు పడ్డాక చేసే పాలిష్ విషయంలో యజమానులు ఎక్కువగా మోసపోతున్నారు. రబ్బింగ్ కాంపౌండ్ గీతను పూడ్చదు; గీత అడుగుదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి మట్టం చేస్తుంది. నిపుణుడు, పొర మందాన్ని మీటరుతో కొలిచి, అవసరమైనంత మేరకే చేస్తే దాని ప్రయోజనం దానికుంది. సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఉచితమనో, తక్కువ ధరకనో చేయించుకునే పాలిష్ మాత్రం ఉన్న కాస్త పొరనూ కరిగించే బేరం. కొన్నేళ్ల తరువాత పైకప్పు, బానెట్ పాలిపోయి, పొట్టు లేచిపోతే ఎండను తిట్టుకుంటాం. వేలిగోరు అడ్డంగా లాగినప్పుడు తగులుకునేంత లోతైన గీత పాలిష్‌తో సురక్షితంగా పోయే అవకాశం తక్కువ. దానికి ఆ చోట మాత్రమే పూసే టచప్ రంగే దారి.

ఇక పూతల సంగతి. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనంతో చేసిన వ్యాక్స్ కొన్ని వారాలు నిలుస్తుంది, కృత్రిమ సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది, సిలికా ఆధారిత సెరామిక్ కోటింగ్ సరిగా వేస్తే ఏళ్ల తరబడి నీళ్లు నిలవకుండా, మురికి సులువుగా వదిలేలా చేస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. అయితే ప్రకటనల్లో '9హెచ్ కాఠిన్యం' అని పెద్ద అక్షరాలతో వేసేది మోస్ కొలమానం మీది తొమ్మిది కాదు. వేర్వేరు కాఠిన్యాలున్న పెన్సిళ్లను పూతమీద నెట్టి ఏది గీత పెట్టిందో చూసే పరీక్షలోని అంకె అది. పెన్సిలు గీయలేని పూతను ఇసుక రేణువు నిక్షేపంగా గీయగలదు. పైగా కోటింగ్ మందం సాధారణంగా కొద్ది మైక్రాన్లకు మించదు కనుక, ముందు లారీ చక్రం ఎగరేసిన రాయిని అది ఆపలేదు. రాళ్ల దెబ్బకు నిజంగా అడ్డునిలిచేది 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే, రంగుమీద అతికించే పారదర్శకమైన పాలీయురేథేన్ ప్లాస్టిక్ ఫిల్మ్. అది ఖరీదైన వ్యవహారం కాబట్టి బానెట్ ముందు అంచుకు, బంపరుకు, తలుపు పిడుల గుంటలకు మాత్రమే వేయించుకున్నా చాలావరకు సరిపోతుంది. ముందు వాహనానికి తగినంత దూరం పాటించడానికి మాత్రం ఏ ఖర్చూ లేదు.

రాయి తగిలి ఉక్కు రేకు బయటపడితే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే తుప్పు ఆ చుక్క దగ్గర ఆగకుండా రంగు కిందుగా పక్కలకు పాకుతుంది. సరైన టచప్ రంగు కోసం తయారీదారు ఇచ్చే పెయింట్ కోడ్ చాలా కార్లలో తలుపు దగ్గరి పట్టీ మీదో, బానెట్ లోపలి పలక మీదో ఉంటుంది. కొత్తగా రంగు వేయించిన భాగానికి మాత్రం, అందులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరయ్యేదాకా, రంగు వేసినవారు చెప్పిన గడువు దాటేవరకు వ్యాక్స్ పెట్టకూడదు.

ఈ నేపథ్యంలో రెండు విన్నపాలు చేస్తున్నాను. తయారీదారులు యజమానులకిచ్చే పుస్తకంలో ఏ చివరి పేజీలోనో చిన్న అక్షరాల్లో వేసే రంగు సంరక్షణ సూచనలను, పూత మందం వివరాలతో సహా, కారు అప్పగించే రోజునే విడి కాగితంగా, కొన్నవారి భాషలో ఇవ్వాలి. మీ పత్రిక వాహనాల శీర్షికలో కోటింగుల గురించి రాసేటప్పుడు, ఆ 9హెచ్ ఏ పరీక్షలో వచ్చిందో, హామీ పత్రంలో గీతలకు, రాళ్ల దెబ్బలకు వర్తింపు ఉందో లేదో విక్రేతలను అడిగి, వారిచ్చిన సమాధానాన్ని ఉన్నదున్నట్టుగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు