తడి ఫోన్‌కి ఛార్జర్ పెట్టబోయే ముందు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. కొత్త ఫోన్ కొన్నావు, సంతోషం. పెట్టె మీద ఐపీ68 అని, అంటే దుమ్ముకీ నీళ్లకీ తట్టుకునే స్థాయి చెప్పే గుర్తు, ఉంది కదా అని దాన్ని రోజూ కుళాయి కింద కడిగి, ఆ తడితోనే ఛార్జింగ్‌కి పెడుతున్నావని చదివాక నవ్వాలో నాలుగు తగిలించాలో తెలియలేదు. తడి ఉందని తెర మీద నీటిబొట్టు బొమ్మ వస్తుంటే "ఈ ఫోన్‌కి భయం ఎక్కువ" అని రాశావు చూడు, అక్కడ మాత్రం గట్టిగా నవ్వాను. భయపడాల్సిన చోటే భయపడుతోంది రా అది. దాని మాట విను.

నీళ్లలో పడినా బతకడం ఒక సంగతి, తడి మీద కరెంటు ఎక్కిస్తే బతకడం ఇంకో సంగతి. ఆ 68 అన్నది మొదటి దాని గురించే చెబుతుంది. అందులో 6 దుమ్ముకి, 8 నీళ్లకి. ఇదే 7 అయితే 1 మీటరు లోతులో 30 నిమిషాలు అని లెక్క. 8 అంటే అంతకన్నా కఠినం, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పుకుంటుంది. అందుకే 2016లో వచ్చిన గెలాక్సీ ఎస్7కీ 68 అనే ఉంటుంది, ఐఫోన్ 12కీ అదే ఉంటుంది. దానికి 1.5 మీటర్లు, దీనికి 6 మీటర్లు. రెండూ కదలని మంచినీళ్లలో చూసిన లెక్కలే. గట్టిగా తగిలే నీటిధారకి వేరే అంకెలున్నాయి, 5, 6 అని. 8 వచ్చినంత మాత్రాన అవి కూడా పాసైనట్టు కాదు. ఇక ఛార్జింగ్ అవుతుండగా తడిస్తే ఏమీ కాదని ఈ అంకెల్లో ఏదీ హామీ ఇవ్వదు.

"నీళ్లు లోపలికి పోవు కదా, మరి పోర్టులో తడెందుకు?" అన్నావు. పోర్టు, అంటే ఛార్జర్ గుచ్చే రంధ్రం, బయటి భాగం కాబట్టి. ఒకప్పటి వాటర్‌ప్రూఫ్ ఫోన్లకి, అంటే 2013 ఎక్స్‌పీరియా జెడ్, 2014 గెలాక్సీ ఎస్5 లాంటి వాటికి, ఛార్జింగ్ పోర్టు మీద చిన్న రబ్బరు మూత ఉండేది. ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ దాన్ని గోటితో లాగాలి, వెధవ చాకిరీ. తర్వాత మూత తీసేసి, నీళ్లని ఆపే సీలుని పోర్టు వెనక్కి జరిపారు. కాబట్టి ఇప్పుడు నీళ్లు పోర్టులోకి హాయిగా వస్తాయి, అక్కడ ఆగుతాయి. రావడం లోపం కాదు, డిజైనే అంత.

ఒకసారి టార్చి వేసి ఆ పోర్టులోకి చూడు. యూఎస్‌బీ-సీ అయితే మధ్యలో సన్నటి నాలుక లాంటిది కనిపిస్తుంది. దానికి పైన 12, కింద 12 బంగారు రంగు రేకులు. ఒక రేకుకీ పక్క రేకుకీ అర మిల్లీమీటరు దూరం. ఒక్క బొట్టు చాలు, నాలుగైదు రేకుల్ని కలిపేయడానికి. కేబుల్ గుచ్చగానే వాటిలో కొన్నిట్లోకి 5 వోల్టులు వస్తాయి, ఫాస్ట్ ఛార్జింగ్ అయితే ఇంకా ఎక్కువ. పక్కనే ఉన్న రేకులు సున్నా దగ్గరో, చాలా తక్కువ వోల్టేజీ దగ్గరో ఉంటాయి. మధ్యలో నీళ్లు. స్వచ్ఛమైన నీటిలో కరెంటు పెద్దగా పారదు కానీ, కుళాయి నీళ్లలో లవణాలుంటాయి, చెమటలో ఇంకా ఎక్కువ, సముద్రపు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కరెంటు ఆ నీళ్లలోంచి పారుతుంది, ప్లస్ వైపు రేకు మీది లోహం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. స్కూల్లో విద్యుద్విశ్లేషణ అని రెండు కడ్డీలు ముంచి చూపించారే, అదే ఇది, నీ జేబులో.

ఒక్కసారికే ఫోన్ చచ్చిపోతుందని కాదు. ముందు బంగారు పూత లేస్తుంది, తర్వాత కింది రాగి బయటపడుతుంది, రేకు నల్లబడుతుంది, అంచున ఆకుపచ్చటి పొక్కు కడుతుంది. అప్పుడు మొదలవుతాయి తమాషాలు. కేబుల్‌ని ఒక పక్కకి వంచితేనే ఛార్జింగ్ ఎక్కుతుంది, ఫాస్ట్ ఛార్జింగ్ స్లో అయిపోతుంది. నీ కేబుల్ కొస కూడా చూడు, ఒక పిన్ను కాలినట్టు నల్లగా కనిపిస్తే పని మొదలైనట్టే.

ఇదంతా నా అనుమానం అనుకుంటావేమో. ఆస్ట్రేలియాలో ఇదే విషయం మీద కోర్టుకెళ్లారు. ఫోన్‌ని స్విమ్మింగ్ పూల్‌లో, సముద్రంలో వాడుతున్నట్టు ప్రకటనలు వేసినందుకు 2022 జూన్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు శామ్‌సంగ్‌కి 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. పూల్ నీళ్లతోనో సముద్రపు నీళ్లతోనో తడిసిన పోర్టు ఆరకముందే ఛార్జింగ్ పెడితే అది తుప్పు పట్టి పనిచేయకుండా పోయే ప్రమాదం ఉందని కంపెనీయే ఒప్పుకుంది. 2020లో ఇటలీలో యాపిల్‌కి 1 కోటి యూరోలు పడింది, అది వేరే గొడవ. ప్రకటనలో నీళ్లకి తట్టుకుంటుందని గొప్పగా చెప్పి, వారంటీలో మాత్రం నీళ్ల వల్ల పాడైతే మాకు సంబంధం లేదనడం. నీ వారంటీ కాగితం కూడా ఒకసారి తీసి చదువు, దాదాపు ఇదే ఉంటుంది.

సరే, బొట్టు బొమ్మ వచ్చినప్పుడు ఏం చేయాలి? కేబుల్ రెండు కొసలూ పీకెయ్, తడి కేబుల్ వైపు కూడా ఉండొచ్చు. ఫోన్‌ని పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టు. తర్వాత గాలి ఆడే చోట వదిలెయ్. కనీసం అరగంట, మొండికేస్తే ఒక రోజు దాకా పట్టొచ్చు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, వేడికి లోపలి జిగురు సీళ్లు మెత్తబడతాయి. దూది పుల్లలు పెట్టి కెలకొద్దు. బియ్యం డబ్బా సలహా మీ ఇంట్లో ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. బియ్యపు పొడి పోర్టులో ఇరుక్కుంటుంది, అది చేయొద్దని యాపిల్ వాళ్లు రాసి మరీ పెట్టారు. తడిసింది ఉప్పు నీళ్లతోనో, కూల్‌డ్రింక్‌తోనో అయితే మాత్రం ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే ఆరబెట్టాలి. ఉప్పు అలాగే ఎండిపోతే గాలిలో తేమని పీల్చుకుని మళ్లీ తడుస్తుంది.

ఐఫోన్లలో ఆ హెచ్చరికని పక్కన పెట్టి ఛార్జ్ చేసుకునే దారి ఒకటి ఉంటుంది, నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పటి కోసం. రీల్స్ చూడ్డానికి కాదు. అంతగా ఆగలేకపోతే, నీ ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే అది వాడుకో. అందులో రేకులతో పని లేదు, తీగచుట్టల మధ్య అయస్కాంత క్షేత్రంతోనే జరుగుతుంది. కవరు తీసి, ఫోన్ వీపు బాగా తుడిచి పెట్టు.

ఇంతవరకు చెప్పింది ఫోన్‌కి జరిగే నష్టం. మనిషికి ముప్పు ఇంకో చోట ఉంది. పోర్టులోని 5 వోల్టులు నిన్నేమీ చేయవు. గోడ ప్లగ్గుకి తగిలించిన అడాప్టరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, తడి చేతులు, వీటితోనే భయం. అడాప్టరు లోపల గోడ కరెంటుకీ కేబుల్‌కీ మధ్య ఒక అడ్డు ఉంటుంది. చవకరకం వాటిలో ఆ అడ్డు నాసిగా ఉంటే గోడ కరెంటు కేబుల్ దాకా వచ్చేస్తుంది. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకుని స్నానాల తొట్టిలో కూర్చుని ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. ఫోన్ ఐపీ68 అయినంత మాత్రాన అడాప్టరు ఐపీ68 అయిపోదు కదా.

ఇంకోటి, మీ చెల్లి వాడుతున్న నీ పాత ఫోన్ సంగతి. అది ఒకసారి కింద పడి వెనక అద్దం పగిలి, బయట షాపులో మార్పించావు కదా. దాని సీలు మీద ఆశ వదిలేసుకో. రబ్బరూ జిగురూ ఏళ్లు గడిచేకొద్దీ ఎలాగూ బలహీనపడతాయి, ఒకసారి విప్పాక అసలు నమ్మకం లేదు. అది గనక నీళ్లలో పడితే పోర్టు ఒక్కటే ఆరితే చాలదు. స్విచాఫ్ చేసి, ఛార్జింగ్ జోలికి పోకుండా నేరుగా రిపేరుకి ఇమ్మను. వీపు ఉబ్బినట్టు కనిపించినా, ఊరికే వేడెక్కుతున్నా పక్కన పడేసి కూర్చోవద్దు, అది బ్యాటరీ వ్యవహారం, మంటలు కూడా రావచ్చు.

టార్చి వేసి చూశాక నీ పోర్టు ఎలా ఉందో ఫొటో పంపు. నల్ల మచ్చ ఏమైనా కనిపిస్తే వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్‌కి వెళ్లు. కుళాయి కింద కడిగిన సంగతి అడిగితే ఏం చెబుతావో అది నీ ఇష్టం.

నీ
గోపి