వార్షిక నివేదిక: గొర్రెల తిరుగుడు రోగంపై ఈ ఏడాది మన సంఘం చేసిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, రాజేంద్రనగర్, శంషాబాద్, మొయినాబాద్ వైపుల నుంచి వచ్చిన పెంపకందారులందరికీ నమస్కారం.

కృతజ్ఞతలు ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చదివితే అప్పటికే అందరూ భోజనాలకు లేస్తారు. తిరుగుడు రోగంపై పెట్టిన శిబిరానికి ఫంక్షన్ హాల్ ఇచ్చిన యజమానికి, షామియానా, కుర్చీలు ఉచితంగా పంపిన టెంట్ హౌస్ వారికి, అంతమందికి వండి వడ్డించిన మహిళా సభ్యులకు, జియాగూడ మండి నుంచి గొర్రె తలలు సమకూర్చిన మిత్రులకు సంఘం రుణపడి ఉంది. అందరికన్నా ముఖ్యంగా రిటైర్డ్ పశువైద్యులు డాక్టరుగారికి. ఫీజు సంగతి అటుంచి, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోగలిగింది ఆ శిబిరమే. ఇన్నాళ్లూ జీవం ఒకే దిక్కుకు గిర్రున తిరిగితే చాలు, తిరుగుడు రోగమని తేల్చేసి వచ్చిన ధరకు కటిక దుకాణానికి తోలేవాళ్లం. డాక్టరుగారు ముందు థర్మామీటరు తీశారు. తిరగడంతో పాటు జ్వరం ఉండి, ఒక పక్క చెవి, పెదవి వాలి, చొంగ కారుతుంటే అది లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. అందులో ఆలస్యం చేస్తే రోజుల్లో చనిపోతుంది, వెంటనే యాంటీబయాటిక్ పడాలి. తల పైకెత్తి ఆకాశం చూస్తూ, చూపు పోయి తూలుతుంటే బి1 విటమిన్ లోపం అనుమానించాలి. తొందరగా ఇంజెక్షన్ ఇస్తే కోలుకుంటుంది. తుమ్ములు, చీమిడి ఉంటే ముక్కులో ఈగ పురుగులు చేరాయేమో చూడాలి. నెలలు నిండిన, కడుపులో కవలలున్న గొర్రె నీరసించి పడితే దాని కథ వేరు. పిచ్చికుక్క కరిచిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా నోట్లో చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పారు.

ఇవేవీ కాకుండా, జ్వరం లేకుండా, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వయసు జీవం రోజురోజుకూ మందకు వెనకబడుతూ, తల ఒక పక్కకు వంచి తిరుగుతుంటే అసలు తిరుగుడు రోగం, అంటే మెదడులో నీటి తిత్తి ఉందనుకోవాలి. సాధారణంగా తిత్తి ఉన్న వైపుకే తిరుగుతుంది, అవతలి వైపు కంటికి చూపు తగ్గుతుంది. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వేయదు. తిత్తి లోతుగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. చిన్న మెదడులో ఉంటే తిరగదు, కాళ్లు తడబడి పడిపోతుంది. కొన్నింటికి తిత్తి మీది ఎముక పలచబడి, బొటనవేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. అలాంటి చోట స్కానింగులో కూడా కనిపిస్తుంది, ఆపరేషన్‌తో తిత్తిని బయటకు లాగవచ్చు. అంతేగానీ నట్టల మందు ఎంత తాగించినా ఎదిగిన తిత్తి పోతుందన్న నమ్మకం లేదు. ఈ మాట విన్నాక కొందరి మొహాలు చూడాల్సింది!

మధ్యాహ్నం ఒక తల కోసి చూపించారు. దాదాపు 5 సెంటీమీటర్ల తిత్తి, లోపలి గోడకు బియ్యపు నూకల్లా తెల్లటి చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో బద్దె పురుగు తల. ఆ మెదడు కుక్క తింటే దాని పేగులో అవే పురుగులై, గుడ్లు దాని మలంతో గడ్డి మీద పడి మళ్లీ మన మందకే వస్తాయి. తిత్తి ఉన్న మాంసం తింటే మనకు వస్తుందా అని చాలామంది అడిగారు. దాని వల్ల రాదు. కుక్క మలంలోని గుడ్లు చేతుల ద్వారా నోట్లోకి పోతే మాత్రం, అరుదుగానైనా మనుషులకూ వస్తుంది. కుక్కలతో ఆడే పిల్లలను చూసుకోండి.

కాబట్టి అసలు పని కుక్కల దగ్గర ఉంది, మనం వెనకబడింది కూడా అక్కడే. పురుగు కుక్క పేగులో గుడ్లు విడిచే దశకు రావడానికి సుమారు 6 వారాలు పడుతుంది. అందుకే కుక్కలకు 6 వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ అనే నట్టల మాత్ర, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు వేయాలని తీర్మానించాం. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు బోలెడు పైకి లేచాయి. మాత్రలు వేయడానికి ఆదివారం పొద్దున వచ్చినవాళ్లు మాత్రం ఒక ఆటోలో సరిపోయారు. రానివాళ్ల పేర్లు చదవొద్దని అధ్యక్షులు అన్నారు కాబట్టి చదవడం లేదు. మాత్రల కోసం ఒక కార్యాలయంలో ఇచ్చిన వినతిపత్రం మీద ముద్ర పడింది, అంతవరకే. వెళ్లినప్పుడల్లా సారు మీటింగులో ఉన్నారన్నారు. చివరికి సొంత డబ్బుతో కొన్నాం.

జమాఖర్చులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు. చందాలు, విరాళాలతోనే ఏడాది గడిచింది. బాకీ ఉన్నవారికి తమ బాకీ తెలుసు.

వచ్చే విడత మాత్రలు వచ్చాయి. ప్రతి మంద యజమాని తన కుక్కల సంఖ్య, సుమారు బరువు రాసిన చీటీ ఇవాళ భోజనాలకు ముందే నాకు ఇవ్వాలి. చచ్చిన జీవాల తలలను కుక్కలకు వేయకుండా లోతుగా పూడ్చిపెట్టాలన్న తీర్మానం మీద ఇప్పుడు చేతులెత్తాలి.

ఇట్లు,
కార్యదర్శి