డబ్బా మీది నంబరుకే చేశారు మాస్టారు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో సైబర్ అవగాహన సదస్సు వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, హాల్‌టికెట్ల రద్దీలో తీరిక దొరకలేదు. వేదిక మీద పదకొండు మంది, వెనక ఫ్లెక్సీ, భుజాల మీద శాలువాలు. ఫొటో చక్కగా వచ్చింది. వచ్చిన చిక్కల్లా ఆ పెద్దలు ఇచ్చిన సలహాతోనే. యాంటీవైరస్ కొనుక్కోవాలట. ఇబ్బంది వస్తే గూగుల్‌లో వెతక్కుండా డబ్బా మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయాలట. అలా చేస్తే మోసపోయే ప్రశ్నే లేదట.

కావలి ట్రంకు రోడ్డులో పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. మోసపోయిన వాళ్లు పోలీసుల కంటే ముందు వచ్చేది మా దగ్గరికే. అందుకే చెబుతున్నాను, డబ్బా మీది నంబరుకే చేశారు మా మాస్టారు.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. యాంటీవైరస్ కొని, కీ నంబరు కొడితే తీసుకోవడం లేదని కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు. అవతలి కుర్రాడు ఏదో చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమన్నాడు, తెర మీద వచ్చిన అంకెలు చదివించుకున్నాడు. ఆ అంకెలతో కంప్యూటర్ అతని చేతికి పోయింది, మౌస్ బాణం దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. విండోస్‌లో ‘ఈవెంట్ వ్యూయర్’ అని ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌లో జరిగే ప్రతి చిన్న విషయాన్నీ రాసిపెట్టే చిట్టా అది. కుర్రాడు దాన్ని తెరిచి వరసగా ఉన్న ఎర్ర గుర్తులు చూపించి, ఇవన్నీ వైరస్‌లే, ఇవాళో రేపో మీ బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని బెదరగొట్టాడు. మాస్టారు కార్డు తీసి రూ. 6,999 కట్టేశారు.

మర్నాడు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మా కొట్టుకు వచ్చారు. ఆయన కళ్ల ముందే నా కౌంటరు మీది కంప్యూటర్‌లో అదే చిట్టా తెరిచాను. అందులోనూ ఎర్ర గుర్తులే. దానికి అంతకు ముందు రోజు రాత్రే విండోస్ కొత్తగా ఎక్కించాను. ఏ కంప్యూటర్‌లో చూసినా అవి ఉంటాయి. ఇక అసలు గొడవ, కీ నంబరు సంగతి చూస్తే, మాస్టారు సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం కొట్టారు. సరిచేయడానికి నాకు అర నిమిషం పట్టింది. ఏడు వేలు తీసుకున్న వాడు అది మాత్రం చూడలేదు.

కంపెనీకి మళ్లీ ఫోన్ చేస్తే ఆ సేవ తమది కాదు, తమ భాగస్వామిదన్నారు. స్టేషనుకు వెళితే, కార్డు మీరే ఇచ్చారు కదా అన్నారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి ఇప్పుడు లాప్‌టాప్ మూత తెరవడానికి భయపడుతున్నారు.

ఇది మాస్టారి ఒక్కరి ఖర్మ అనుకోవద్దు. అవాస్ట్ అనే యాంటీవైరస్ పేరు వినని నెట్ సెంటర్ ఉండదు. చెక్ రిపబ్లిక్ దేశానికి చెందిన ఆ కంపెనీ తన వినియోగదారులకు ఫోన్‌లో సాయం చేసే పనిని గుర్‌గావ్‌లోని ఐయోగి అనే సంస్థకు అప్పగించింది. సాయం కోసం ఫోన్ చేసిన వాళ్లకు లేని జబ్బులు చూపించి ప్యాకేజీలు అంటగడుతున్నారని గొడవైతే 2012లో ఆ ఏర్పాటును ఆపేసింది. 2015లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఐయోగి మీద దావా వేసింది. అక్కడి ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల కథ ఇంకా చోద్యం. కంప్యూటర్ ఆరోగ్య పరీక్ష అని పెట్టి ముందు నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లు. నిదానంగా ఉందా వంటివి. ఒక్కదానికి అవునన్నా చాలు, వైరస్ లక్షణాలు కనిపించాయని వచ్చేసేది. పరీక్షతో పనే లేదు! 2019లో ఆ దుకాణాలు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. వీటిలో ఏదీ దొంగ నంబరు కాదు, గమనించండి.

కంచె చేను మేసిందని కూడా అనలేం. కంచె తన పనిని కాంట్రాక్టుకు ఇచ్చింది, కాంట్రాక్టరు మేశాడు.

ఇక సెర్చ్ సంగతి. ఉచిత యాంటీవైరస్ ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక గడి వస్తుంది. టిక్కు వాళ్లే పెట్టి ఉంచుతారు. చూడకుండా ముందుకు నొక్కితే బ్రౌజర్‌లో కొత్త టూల్‌బార్, కొత్త హోమ్ పేజీ, వాళ్లు చెప్పిన సెర్చ్. ఏవీజీ, అవిరా వంటి పేరున్నవీ ఒకప్పుడు ఈ పని చేసినవే. మనం వెతికిన కొద్దీ వాళ్లకు డబ్బు. కొన్నిటిని తీసేసినా మళ్లీ వస్తాయి, మన అమరికను ‘కాపాడే’ పేరుతో ఇంకో ప్రోగ్రాం వెనక కూర్చుని ఉంటుంది. మొలగొలుకుల బస్తా కొంటే కొట్టువాడు ఇంటికొచ్చి మన పొయ్యి మార్చి పోతాడా? నేనూ కొన్నేళ్లు ఆ టిక్కులు చూడకుండానే జనం కంప్యూటర్లలో ఇవి ఎక్కించాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మొన్న జలదంకి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంట్లో హాల్‌టికెట్ కోసం వెతికితే ఆ సెర్చ్‌లో పైన ప్రకటనలే వచ్చాయట. అచ్చం ప్రభుత్వ సైటులా ఉన్న దాంట్లో రూ. 250 కట్టింది. హాల్‌టికెట్ దించుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. ఆ కంప్యూటర్‌లో యాంటీవైరస్ వాడి భద్రత గుర్తు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉందట.

మనం ఏం చూస్తున్నామో అమ్ముకున్నదీ వీళ్లే. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా జనం బ్రౌజింగ్ వివరాలు అమ్మిన సంగతి బయటపడి 2020లో దాన్ని మూసేసింది. 2024లో అమెరికాలో వ్యాపార మోసాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తోనే ఉచితంగా వస్తోంది. ఇంట్లో మామూలు వాడకానికి అది సరిపోతుంది. ఆ ఒక్క ముక్క సదస్సులో ఎవరూ చెప్పలేదు.

ఎలా చెబుతారు? ఆ పెద్దల కార్యాలయాలదీ కాంట్రాక్టు బతుకే, ఫోన్ ఎత్తేది బయటివాళ్లే. ఒక ప్రభుత్వ కార్యాలయానికి, పేరెందుకులెండి, మా వీధి దీపం గురించి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ వేరే ఊళ్లో ఎవరో ఎత్తారు. కావలి ఏ జిల్లా అని అడిగారు. నాలుగో రోజు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చింది. దాన్ని చీకట్లో నిలబడి చదువుకున్నాను.

చట్టాలు లేక కాదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన 13 మాయ పద్ధతుల్లో, లేని వైరస్ చూపించి డబ్బు గుంజడం కూడా ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులో ఫిర్యాదు తీసుకుంటారు. మాస్టారి చేత నేనే చేయించాను. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చేయాలన్న మాట మీ వార్తలోనూ ఉంది, చివరి వరసలో, చీమల అక్షరాల్లో. ఈసారి సదస్సు పెడితే డబ్బా మీది నంబరు ఎత్తేది కంపెనీ మనిషా, కాంట్రాక్టు మనిషా అన్నది డబ్బా మీదే తెలుగులో రాయించమని ఆ పదకొండు మందిలో ఒక్కరైనా అడగాలి. శాలువా నేను కప్పుతాను.

చివరిగా మీకో మనవి. మీ పత్రిక వెబ్‌సైటును నా ఫోన్‌లో తెరిస్తే ‘మీ ఫోన్‌లో 4 వైరస్‌లు ఉన్నాయి, ఇక్కడ నొక్కండి’ అని ప్రకటన వస్తోంది. ఈ లేఖ వేసేటట్లయితే దాని పక్కన పడకుండా చూడండి.

— ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, కావలి, నెల్లూరు జిల్లా