మా పూల మాస్టారి గురించి కలెక్టర్ గారికి

తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

రోజూ తెల్లారకముందే కడియపులంక పూల మార్కెట్‌లో కనిపించే మా మాస్టారు పోయిన నెల కన్నుమూశారండి. పెళ్లి మండపాలు పూలతో కట్టేవారు, ముహూర్తం టైముకి చేతులు కడుక్కుని, పంచె మార్చుకుని ఆయనే సన్నాయి అందుకునేవారు. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కూడా ముట్టుకోలేదు. తడిపిన అరటినారతో రెండు కనకాంబరాలు, ఒక మరువం రెబ్బ, మళ్లీ రెండు కనకాంబరాలు, అలా మాల కడుతూ కల్యాణి రాగం తీస్తుంటే, పక్కన కూర్చుని నార అందించే నాకు ఆ వేళ్లు ఏ స్వరం దగ్గర ఆగుతాయో కూడా తెలిసిపోయేది. జీలకర్ర బెల్లం పెట్టగానే గట్టిమేళం. అప్పుడు కూడా ఆయన కళ్లు మండపం మీదే, ఏ దండైనా జారిందేమోనని.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి 1977లో పద్మశ్రీ అందుకున్న సన్నాయి విద్వాంసులు షేక్ చినమౌలానా గారంటే ఆయనకి ప్రాణం. ఆ బాణీనే సాయంత్రాలు ఒక రేకుల షెడ్డులో పిల్లలకి ఉచితంగా నేర్పేవారు. ఇప్పుడా షెడ్డు ఖాళీ చేయమంటున్నారు.

సార్, ఏదైనా ప్రభుత్వ హాల్లో రోజూ ఓ రెండు గంటలు ఇప్పించండి. నేర్పడానికి ఆయన పెద్ద శిష్యుడు ఉన్నాడు. మాస్టారి సన్నాయి కూడా మా దగ్గరే ఉంది.